బేస్‌మెంటులో దొరసాని

మహదేవపురలోని ‘రాగి మెడోస్’ అపార్టుమెంటు సంక్షేమ సంఘం వారు సకల నివాసులకు తెలియజేయునది ఏమనగా: బేస్‌మెంటులో కదలక మెదలక పడివున్న వాహనాలు మన సంస్కృతికీ, పార్కింగుకీ మచ్చ. కావున అట్టి వాహనం ఏదైనా ఆయుధపూజ నాటికి ర్యాంపు ఎక్కి పైకి రాని పక్షంలో, దానిని పాతసామాన్ల గుజరీకి అప్పగించబడును. నోటీసు సకల నివాసులకూ అని ఉంది గాని, బేస్‌మెంటులో కదలని వాహనం ఒక్కటే ఉంది. అందువల్ల సకల నివాసులూ నోటీసు చదివి మునీంద్ర మొహం చూశారు.

ఆ వాహనం పేరు దొరసాని. మునీంద్ర తండ్రి కదిరప్ప, దేశం వదిలిపోతున్న ఒక ఇంగ్లీషు దొరసాని దగ్గర కొన్న నల్ల కారు. ఆయన దాని వెనక సీట్లో అప్పుడప్పుడు మనుషులనూ, తరచుగా రాగి మూటలనూ ఎక్కించుకుని తిరిగాడు. ఆ రాగులు పండిన చేను మీదనే ఇప్పుడీ అపార్టుమెంటు ఉంది. చేను ఇచ్చినందుకు బిల్డరు మునీంద్రకు రెండు ఫ్లాట్లూ ఒక పార్కింగు చోటూ ఇచ్చి, కృతజ్ఞతగా గేటు మీద రాగి కంకి బొమ్మ వేయించాడు. బేస్‌మెంటు కట్టిన కొత్తలో దొరసానిని ర్యాంపు మీదుగా కిందికి వదిలారు. చప్పుడు లేకుండా, పొగ లేకుండా, పెట్రోలు కూడా లేకుండా అది సుతారంగా దిగి తన చోట్లో నిలబడింది. చూసినవాళ్లందరూ పాతకాలపు పనితనాన్ని మెచ్చుకున్నారు. ఆ తర్వాత అది పైకి రాలేదు.

అంతమాత్రాన దాని ఆలనాపాలనా ఎవరూ చూడలేదని అనుకోరాదు. ఇంత శ్రద్ధగా రిపేరు జరిగిన కారు బెంగళూరులో మరొకటి లేదు. ప్రతి ఆదివారం టిఫిన్లు కాగానే మునీంద్ర కిందికి దిగి బానెట్ ఎత్తేవాడు. ఆ చప్పుడు వినగానే అన్ని అంతస్తుల మగవాళ్లకూ కింద ఏదో పని గుర్తొచ్చేది. బెళ్ళందూరులో పెద్ద ఉద్యోగం చేసే హేమంత్‌కుమార్ తెల్లబోర్డు చంకన పెట్టుకుని వచ్చేవాడు. ఫయాజ్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం వృత్తిగా గలవాడు. దొరసానిలో ఉన్న తప్పులన్నీ పట్టేశాక లేని తప్పులు కూడా పట్టసాగాడు. నోటీసు ఇచ్చిన సంఘం అధ్యక్షుడు చంద్రశేఖర్ కూడా వచ్చేవాడు. ఆయనగారి రెండో కారు రోడ్డు మీద ఎండకు మాడుతోంది కనుక దొరసాని ఆ చోట్లో ఉండరాదని ఆయన నిశ్చితాభిప్రాయం. ఉండరానిది ఎలా ఉందో స్వయంగా పరిశీలించడానికి మడత కుర్చీ తెచ్చుకునేవాడు.

పని ఒక పద్ధతిగా సాగేది. ఒక భాగం విప్పాలి. పెట్రోలులో కడగాలి. పాత బనియను ముక్కతో తుడవాలి. అది చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్లాలి, అందరూ బరువు చూసి “ఆ కాలపు ఇనుమే వేరండీ” అనాలి. తిరిగి బిగించాలి. భోజనం వేళకు పైనుంచి ఫోన్లు వచ్చేవి. “ఇంజను తెరిచి ఉంది, మధ్యలో వదిలి ఎలా వస్తాం?” అని జవాబు వెళ్లేది. అందులో అబద్ధం లేదు. ఇంజను తెరిచే ఉండేది. పిల్లల లెక్కలూ, సంతలో కూరగాయలూ, బావమరిది రాకా, తెరిచిన ఇంజను ముందు అన్నీ చిన్నవే.

మునీంద్రకు ఆదివారమంటే ప్రాణం. మిగతా రోజుల్లో ఆయన లిఫ్టులో ఒక మూల నిలబడే పెద్దాయన. కార్డు మరిచి గేటు దగ్గరికొస్తే, కన్నతండ్రి చేనులోకి “ఎవరింటికండీ?” అని అడిగి పంపేవారు. ఆదివారం మాత్రం పెద్ద పెద్ద ఇంజనీర్లు “మునీంద్రగారూ, ఆ పానా ఇటిస్తారా?” అని చేయి చాచేవారు. ఆ ఒక్క మాట ఆయనకు వారానికి సరిపడేది.

నోటీసు అంటించిన ఆదివారం అత్యవసర సమావేశం జరిగింది. హేమంత్‌కుమార్ బోర్డు మీద డబ్బాలు గీసి బాణాలు కలిపాడు.

“అంకుల్, ముందు డిపెండెన్సీలు క్లియర్ చేద్దాం. స్టార్ట్ అవడం ఫైనల్ మైల్‌స్టోన్. దాన్నిప్పుడే టచ్ చేయొద్దు.”

“ఏమోప్పా, మీరు చదువుకున్నోళ్లు,” అన్నాడు మునీంద్ర. “గుజరీకి మాత్రం పోకూడదు. మా నాయన కూర్చున్న చోటు ఈ సీటొకటే మిగిలి ఉండాది.”

అందరి కళ్లూ చెమర్చాయి. కుర్చీలో అధ్యక్షుడి కళ్లు కూడా చెమర్చాయి. అయితే నియమం నియమమేనని ఆయన బాధతో తెలియజేశాడు.

ఆయుధపూజకు ముందు వచ్చిన ఆదివారం అనర్థం జరిగింది. కారు స్టార్ట్ అయింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ పూట బిగించినవన్నీ ఏ కారణం చేతో బిగించాల్సిన చోటే పడ్డాయి. నడుము పట్టేసి సీట్లో కూలబడిన మునీంద్ర ఊరికే స్టార్టరు బటన్ లాగాడు. దొరసాని ఒకసారి దగ్గి, పొగ వదిలి, గడగడమని మాట్లాడింది. మునీంద్ర స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయిపోయాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఫయాజ్ తప్పేమైనా వినబడుతుందేమోనని చెవి పెట్టి, ఏమీ దొరక్క నీరసపడ్డాడు. హేమంత్‌కుమార్ బోర్డు తుడిచేశాడు. అధ్యక్షుడు కుర్చీ మడిచాడు. పట్టపగలే మగవాళ్లు ఇళ్లకు రావడం చూసి ఆడవాళ్లు హడలిపోయారు. హేమంత్‌కుమార్ భార్య శ్రీజ, ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. అతను నేరుగా వంటింట్లోకి వచ్చి, ఆమె సాంబారు చేసే విధానంలో లోపాలను సాయంత్రందాకా వివరించాడు.

మునీంద్రకు సంతోషం సోమవారందాకా నిలిచింది. సోమవారం లిఫ్టులో ఆయనను ఎవరూ పలకరించలేదు. కారు బాగైపోయింది, చోటు దక్కింది, మరి ఇక ఆదివారం బానెట్ ఎత్తితే వచ్చేదెవరు? ఆలోచించగా ఆలోచించగా ఆయనకు గుండె ఖాళీ అయింది. వీలు చూసుకుని కిందికి దిగి, ఇంజనులోంచి రోటరు అనే, అది లేనిదే కారు స్టార్ట్ కాని చిన్న ముక్కను తీసి జేబులో వేసుకున్నాడు. చెడగొట్టడానికి కాదు, కడగడానికని తనకు తాను చెప్పుకున్నాడు. పూజ నాడు పెట్టేయాలి, ర్యాంపు ఎక్కించాలి, దిగాక మళ్లీ తీసేయాలి. ఇది ఏ లోపమూ లేని ఉపాయం. తక్కినవాళ్లకు కూడా సరిగ్గా ఇదే తట్టడం ఒక్కటే దాని లోపం.

పూజ నాడు బేస్‌మెంటు కళకళలాడింది. కార్లన్నిటికీ అరటి పిలకలు, బంతిపూల దండలు. గేటు బయట దొరసాని కోసం వచ్చిన గుజరీ లారీకి కూడా దండ వేసి ఉంది. మునీంద్ర పెందలాడే దిగి, ఎవరూ చూడకుండా రోటరు పెట్టేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

“ఆత్మీయ నివాసులారా! వాహనం కదలాలి, సమాజం కదలాలి! కదలనివాడు ఎంతటివాడైనా కదిలేవాడికి చోటివ్వాలి! ఇదే ఆయుధపూజ సందేశం!”

మునీంద్ర నాయన పేరు తలచుకుని బటన్ లాగాడు. దొరసాని కుయ్యిమనలేదు, కయ్యిమనలేదు. మళ్లీ లాగాడు. లారీవాడు తాళ్లు దించడం వినబడింది. మునీంద్ర మూడోసారి లాగాడు. రోటరు తీసినప్పుడు ఇంకేదో చెడింది, నాయన కారును నా చేతులతో నేనే చంపుకున్నానని లోలోపల కుమిలిపోయాడు. హేమంత్‌కుమార్, ఫయాజ్, అధ్యక్షుడు ముగ్గురూ బేస్‌మెంటు కప్పును పరిశీలిస్తున్నారు.

సరిగ్గా అప్పుడు మునీంద్ర భార్య నేత్రావతి, ఇంటింటికీ ప్రసాదంగా బొరుగులు పంచి, శ్రీజను వెంటబెట్టుకుని దిగింది.

“ఏమప్పా, ఒక మాట అడిగేదుండాది,” అంది ముగ్గురితో. “శ్రీజా వాళ్లింట్లో పూజకాడ ల్యాప్‌టాపు పక్కన ఇత్తడి బొడిపె ఒకటి ఉండాది. అధ్యక్షులోరింట్లో లక్ష్మమ్మ పటం పాదాలకాడ బొగ్గుముక్క తగిలించిన తీగ. ఫయాజింట్లో ఫ్రిజ్జు మింద స్ప్రింగుకు మల్లెపూలు చుట్టినారు. ఇవన్నీ యాడివి?”

శ్రీజ ఫోనులో ఫోటోలు చూపించింది. దొరసాని కార్బొరేటరు జెట్టు, స్టార్టరు బ్రష్, పెట్రోలు పంపు స్ప్రింగు. మూడింటికీ అలంకారం బాగా కుదిరింది. చోరీ చేసినవారు అవిశ్వాసులు కారు. ఆయుధపూజ నాడు ఇంట్లో యంత్రం ముక్క ఉంచుకుని బొట్టు పెట్టకపోవడం పాపమని పెట్టారు. పెట్టాక, పూజలో ఉన్నదాన్ని ఆ రోజు వాడరాదని వదిలేశారు. ఫయాజ్‌కు ఈ అడ్డు లేదు గాని, ఆఫీసులో ఏటా కంప్యూటరుకు దండ వేసి వేసి చేయి అలవాటు పడింది. తెచ్చి బిగిద్దామంటే పొద్దుటినుంచీ జనం.

మునీంద్రకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అనబోయాడు గాని, తన వేళ్లకే పెట్రోలు వాసన తగిలి మింగేశాడు. “పోయి తీసుకురాండప్పా,” అన్నాడు. “బిగిస్తే ఎక్కుతాది.”

“ఆంటీ, ఒక్క నిమిషం,” అంది శ్రీజ. “అవి బిగిస్తే కారు ఫుల్‌గా బాగైపోతుందా?”

“అవుతాదంట.”

“మరి నెక్స్ట్ సండే నుంచి వీళ్లందరూ ఎక్కడుంటారు?”

పూజకు దిగిన ఆడవాళ్లందరూ దగ్గరికి జరిగారు. శ్రీజ కళ్ల ముందు సాంబారు మెదిలింది. ఆ ఆదివారమే భర్త తన పోపుడబ్బాలను అక్షరక్రమంలో సర్దేయడం చూసిన అధ్యక్షుడి భార్య దండం పెట్టింది.

“పూజలో పెట్టినవి ఈ పొద్దు ముట్టకూడదు,” అంది నేత్రావతి కొంగు సర్దుకుంటూ. “శాస్త్రము.”

ఆ శాస్త్రంతో సంబంధం లేని ఫయాజ్ భార్య అందరికంటే గట్టిగా దానిని బలపరిచింది.

అయితే లారీ గేటు దగ్గరే ఉంది. కారు బాగుపడినా ఆదివారం పోతుంది, గుజరీకి పోయినా ఆదివారం పోతుంది. ఈ ధర్మసంకటంలో అధ్యక్షుడి పాండిత్యం అక్కరకొచ్చింది. “నియమం ర్యాంపు ఎక్కాలని మాత్రమే అంటుంది. ఎవరి బలంతో అన్న విషయంలో నియమం మౌనం వహించింది.” మరుక్షణం మగవాళ్లు చొక్కా చేతులు మడిచారు, ఆడవాళ్లు కొంగులు దోపారు. నిమ్మకాయలు చితికాయి. సంగతేమిటో తెలియని లారీవాడు కూడా వచ్చి ఒక భుజం వేశాడు. స్టీరింగు పట్టుకున్న మునీంద్రతో సహా దొరసాని ఎండలోకి వచ్చింది. గుమ్మడికాయ పగిలింది. వాహనం నడుస్తున్న స్థితిలో ఉన్నదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. బొరుగుల పొట్లం తీసుకుని లారీవాడు వెళ్లిపోయాడు. ఆ వెంటనే దొరసాని ఎవరి సాయమూ లేకుండా ర్యాంపు దిగి తన చోట్లో నిలబడింది.

అందరూ వెళ్లాక మునీంద్ర బానెట్ ఎత్తి, రోటరు మళ్లీ ఊడదీసి, ఇంటికెళ్లి తల వంచుకుని భార్య చేతిలో పెట్టాడు. “ఇది కూడా పెట్టమ్మీ.”

నేత్రావతి పూజపీట చూపించింది. కత్తిపీటకూ సుత్తికీ మధ్య, పసుపు రాసి బొట్టు పెట్టిన ఖాళీ చోటు ఉంది. “దీనికి పొద్దున్నే చోటు వదిలిపెట్టినాను,” అంది.

రిపేరు యథావిధిగా జరుగుతోంది. మీ పేటలో ఏళ్ల తరబడి పూర్తికాని వంతెనో, మూయని గుంతో ఉంటే, ఎవరినో తిట్టడానికి ముందు ఒకసారి మీ ఇంట్లో పూజపీట చూసుకోండి. కుంకుమబొట్టుతో ఏదైనా ముక్క కనబడితే కంగారుపడి తీసేయకండి. ఈ పొద్దు ముట్టకూడదు.