ఎర్రప్ప పక్కన తెరిచిన బ్రాకెట్

తెరిచిన బ్రాకెట్‌ను తెరిచినవారే మూయవలెను. పెనుకొండ ఆరోగ్య కార్డుల కేంద్రం నిబంధనల్లో మనిషి ప్రాణానికి నేరుగా సంబంధించినది ఇదొక్కటే.

ఆ కేంద్రంలో భారతి ప్రోగ్రామర్. రోజూ హిందూపురం నుంచి బస్సులో వచ్చేది. ఆమె కంప్యూటర్లో ఒక సదుపాయం ఉంది. బ్రాకెట్ మీద కర్సర్ పెడితే దాని జత పసుపుపచ్చగా వెలుగుతుంది. జత లేని బ్రాకెట్ ఎర్రబడుతుంది.

సోమవారం ధర్మవరం నుంచి మారక్క వచ్చింది. కంటి ఆపరేషన్‌కు కార్డు చూపిస్తే, ఆమె చనిపోయిందని చెప్పి ఆసుపత్రివాళ్ళు తిప్పి పంపారట.

"నేను ఈడ నిలబడుకోనుండా కదమ్మా! బుధవారం ఆపరేషను. బతికుండేవాళ్ళకే చేస్తారంట."

భారతి జాబితా తెరిచింది. అక్షరక్రమంలో పైనెక్కడో "ఎర్రప్ప (లేటు" అని ఉంది. ఆ బ్రాకెట్ ఎర్రగా మెరుస్తోంది. ఎవరూ దాన్ని మూయలేదు కాబట్టి, ఎర్రప్ప తర్వాత పేరున్న పద్దెనిమిది వందల మందినీ కంప్యూటర్ లేటు కిందే జమకట్టింది. (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి కావడంతో భారతి పేరు జాబితాలోనే లేదు. అట్లా ఆమె బతికిపోయింది.)

ఒక్క మీట నొక్కితే చాలు. ఆమె వేలు ఎత్తేలోపే సూపరింటెండెంట్ కుళ్ళాయప్ప కేకేశాడు.

"ఏమ్మా, ఆగు! తెరిచిందెవరు?"

"తిరుపాల్ సార్. ధర్మవరానికి బదిలీ అయినారు."

"అయితే ఆయన్నే మూయమను. రూలు ఉండాది."

మంగళవారం భారతి బ్రాకెట్ మూయడానికి అనుమతి కాగితం రాసుకుని ధర్మవరం వెళ్ళింది. తిరుపాల్ కాగితమంతా శ్రద్ధగా చదివి, పెన్ను మూత పెట్టేశాడు.

"నాకూ మూయాలనే ఉండాదమ్మా. కానీ నా పేరు ఎర్రప్ప తర్వాత వస్తాది. చనిపోయినోడి సంతకం చెల్లదు."

"మరి రోజూ ఆఫీసుకు వస్తాండారు కదా సార్?"

"రావద్దని ఎవరూ చెప్పలే."

ఆమె పెనుకొండకు తిరిగొచ్చేసరికి మారక్క వరండా బెంచీ మీదే ఉంది. వచ్చే ప్రతి మనిషినీ ఆనవాలు పట్టడానికి తల పక్కకు వంచి చూస్తోంది. భారతి నేరుగా లోపలికెళ్ళి, ఎవరినీ అడక్కుండా మీట నొక్కింది. రెండు బ్రాకెట్లూ పసుపుపచ్చగా వెలిగాయి.

"బతికినావు అవ్వా," అంది బయటికొచ్చి.

"బుధవారం దాకా ఉంటానా?"

"ఉంటావు. పొద్దున్నే పో."

బుధవారం మారక్క కంటి ఆపరేషన్ అయిపోయింది. గురువారం భారతికి మెమో అందింది: 'పద్దెనిమిది వందల మందిని ముందస్తు అనుమతి లేకుండా బతికించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' విచారణ ముగిసేదాకా యథాస్థితి కొనసాగించాలని ఆ బ్రాకెట్‌ను మళ్ళీ తెరిచారు. (మారక్కకు కట్టు ఇంకా విప్పలేదు.)

ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని గొడవకంతటికీ మూలం ఎరుపు రంగేనని తేల్చింది. శుక్రవారం కేంద్రంలోని కంప్యూటర్లన్నిటిలోనూ ఆ రంగులు తీయించారు.

నెలవారీ నివేదికను భారతి చేతే టైపు చేయించారు. తప్పులు: లేవు. మరణాలు: మామూలే.