ఎవరిదీ కాని సరుకు

భూమి మీద యజమాని లేని వస్తువంటూ ఏదీ ఉండదని, ఉన్నట్టు కనిపిస్తే దాన్ని ఇంకా స్వాధీనం చేసుకోలేదని మాత్రమే అర్థమని అస్వామిక వస్తు పర్యవేక్షణ విభాగం వారి నియమావళి మొదటి వాక్యం చెబుతుంది. రెండో వాక్యం అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు. సారపాక దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న వాళ్ల ఉప కార్యాలయం ఏళ్ల తరబడి ఆ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది. చింతపండు, కరక్కాయ, తేనె, చీపురు పుల్లలు అన్నీ వాళ్ల పరిధిలోకి వచ్చాయి. ఒక ఏడు గోదావరి వరదకు కొట్టుకొచ్చిన నాటుపడవ కూడా వచ్చింది (పడవ యజమాని ఆ సమయంలో పడవలోనే కూర్చుని ఉన్నాడు, ఆయన అభ్యంతరం పరిశీలనలో ఉంది). 2009 వానాకాలంలో ఆ పరిధిలోకి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వచ్చి చేరింది.

చేరడానికి కారణం ఫ్లోరెన్స్. ఆమె అక్కడి ఏకద్వార సేవా కేంద్రంలో కాంట్రాక్టు ఆపరేటరు. కేంద్రంలో శాఖలు నాలుగు, కంప్యూటరు ఒకటి. పింఛన్ల వాళ్లు, రేషన్ కార్డుల వాళ్లు, ఉపాధి పనుల వాళ్లు, దవాఖానా వాళ్లు, నలుగురూ ఆ యంత్రం తమకే ఇచ్చారని గట్టిగా నమ్మి ఒకరి ఫైళ్లు ఒకరు తుడిచేసేవాళ్లు. ఫ్లోరెన్స్ వచ్చిన కొత్తలోనే దాంట్లో లినక్స్ వేసి, కంటైనర్ అనే ఏర్పాటు పెట్టింది. ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి నలుగురికి కిరాయికి ఇచ్చినట్టు, ఒకే యంత్రంలో నాలుగు గదులు. ఎవరి గదిలో వాళ్లు. ప్రతి గదీ తానే మొత్తం యంత్రమని అనుకుంటుంది (ఈ లక్షణం శాఖలకు ముందు నుంచే ఉన్నందువల్ల ప్రత్యేక శిక్షణ అవసరం కాలేదు).

ఆ గదులు కట్టే సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ అమ్మరు. లోపల ఏం రాసి ఉందో ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, చెడిపోయిన చోట బాగుచేసి తిరిగి పంపొచ్చు. జర్మనీలో ఒకాయన, బ్రెజిల్‌లో ఒకామె, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. సారపాక వైపు నుంచి ఫ్లోరెన్స్ ఉంటుంది. ఈ ఉద్యోగానికి జీతం లేదు, సెలవు లేదు, అందువల్ల రిటైర్మెంటూ లేదు. ఒకసారి చర్చి పాస్టరుగారు ఇదేం పనని అడిగితే ఆమె తనకు తోచినట్టు చెప్పింది.

"సంఘం వంటపాత్రల అసోంటిది అయ్యగారూ. ఎవరింట్ల పెండ్లయినా వాడుకుంటరు. సొట్ట పడితే తీసి పెడ్తరు."

"బాగున్నది. మరి తోమేదెవరమ్మా?"

"తోమేది నేనే అయ్యగారూ."

ఆ వానాకాలం కరెంటు రోజూ పోయింది, అదీ చెప్పకుండా. ఒక పొద్దున అట్లా పోయి వచ్చాక మూడు గదులు తెరుచుకున్నాయి, దవాఖానా గది తెరుచుకోలేదు. ఫ్లోరెన్స్ తవ్వి చూస్తే తెలిసిందేమంటే, పని మధ్యలో కరెంటు పోయినప్పుడు ఆ గదికి లోపలి గడియ పడిపోతోంది. లోపల మనిషి ఉండడు, గడియ మాత్రం ఉంటుంది. బయటి నుంచి యంత్రం మర్యాదగా తలుపు కొట్టి, లోపల ఎవరో ఉన్నారనుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఈ లోపం జర్మనీలో ఎవరికీ కనబడలేదు, అక్కడ కరెంటు పోదు.

మామూలు రోజుల్లో ఇది ఒక నవ్వులాటగా పోయేది. కానీ ఆ గదిలో జ్వరాల రిజల్టులు ఉన్నాయి. అడవి ఊళ్ల నుంచి వచ్చిన రక్తపు చుక్కలను పరీక్షించి ల్యాబ్ ఆయన అందులోనే ఎక్కించి, డిప్యుటేషన్ మీద వేరే చోటికి పోయాడు. అక్కడ తిరిగే మలేరియా రెండు రకాలు, మాత్రలూ రెండు రకాలు. పెద్ద రకానికి మాత్ర బజారులో దొరకదు, దవాఖానాలోనే ఇస్తారు. అచ్చయిన రిజల్టు కాగితం చూపిస్తేనే ఇస్తారు. చేతిరాత పద్ధతిని కొబ్బరికాయ కొట్టి మరీ రద్దు చేశారు.

సంత రోజున జంపక్క వచ్చింది. వాగు అవతల ఇప్పలగుంపు అనే అడవి ఊళ్లో రక్తపు చుక్కలు తీసి తెచ్చే ఆరోగ్య కార్యకర్త ఆమే.

"ఫ్లోరెన్సమ్మా, మా గుంపు రిజల్టు వచ్చిందా? మా తమ్ముడు లచ్చయ్య లేస్తలేడు. వెదురు కొట్టనీకి పోయినోడు వణుక్కుంట వచ్చిండు."

"వచ్చింది జంపక్కా, లోపలనే ఉన్నది. తలుపు తెరుస్తలేదు. గింత సేపు కూసో, చేసిస్త."

గడియ చేత్తో తీసేస్తే నిమిషంలో పని అయిపోయేది. కానీ మంచి రిపేరుదారులకు ఒక జబ్బు ఉంటుంది, ఒకసారి చేస్తే మళ్లీ చేయనక్కర్లేకుండా చేయాలని. కరెంటు వచ్చిన వెంటనే గడియ దానంతటదే పడిపోయిందో, మనిషే వేసుకున్నాడో చూసి తీసేట్టుగా ఫ్లోరెన్స్ నాలుగు వరసల ప్రోగ్రాం రాసింది. బయటి వాళ్లకు పంపింది. ఇక ఇక్కడ ఎక్కించడమే తరువాయి అనగా, వార్షిక తనిఖీకి అస్వామిక వస్తు పర్యవేక్షణాధికారి కిషన్‌లాల్ లోపలికి వచ్చాడు.

కిషన్‌లాల్ చెడ్డవాడు కాదు. బూట్లు గడప బయట విడిచి వచ్చే మనిషి. ఎవరినీ కోప్పడడు, నియమావళి చేతిలో ఉన్నవాడికి కోపంతో పనేముంది.

"గీ సాఫ్ట్‌వేరు కొన్నదేనా మేడమ్?"

"కాదు సార్, ఫ్రీ."

"ఎవలన్న దానమిచ్చిండ్రా?"

"లేదు సార్. నెట్ నుంచి దింపుకున్న."

"మరి ఎవలది?"

ఫ్లోరెన్స్ ఇక్కడ నిజం చెప్పే పొరపాటు చేసింది. "అందరిది సార్."

కిషన్‌లాల్ మొహం విచ్చుకుంది. "అంటే ఎవలది గాదన్నట్టు."

ఎవరూ విత్తకుండా పెరిగి, ఎవరైనా ఏరుకోగలిగేదాన్ని అటవీ ఫలసాయం అంటారని ఆయన ఓపికగా వివరించాడు.

"విత్తినోళ్లు ఉన్నరు సార్. నేను సుత రాసిన."

"జీతానికి రాసిండ్రా?"

"లేదు సార్."

"అయితే మొలిచినట్టే."

కేసు రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాడుకలో ఉన్న మూడు గదులనూ పాత సరుకుగా మన్నించి, మూసి ఉన్న దవాఖానా గదిని, అందులో వేయబోతున్న నాలుగు వరసలను తాజా ఫలసాయంగా జప్తు చేశాడు. కలప దుంగల మీద వేసే సుత్తి ముద్రను కంప్యూటరు రేకు మీద వేశాడు (సరిగా పడలేదు, రెండుసార్లు కొట్టాడు). పర్మిట్ వచ్చేదాకా ఆ గది జోలికి పోతే మొత్తం యంత్రం కలప డిపోకు పోతుందని, అక్కడ వెదురు పక్కన వానలో ఉంటుందని, ఎంతో బాధగా చెప్పాడు.

పర్మిట్‌కు దరఖాస్తు పై కార్యాలయానికి వెళ్లింది. తూకం ఎంతని అడిగారు. తూకం లేదంటే, ఏరిన తర్వాత ఎండబెట్టడం వల్లనా అని అడిగారు. ఏ చెట్టుదని అడిగారు. ఫ్లోరెన్స్ చెట్టు లేదని రాసింది. చెట్టు లేకుండా కాసినందుకు సంజాయిషీ కోరారు. ఈలోగా ఆమె బయటికి పంపిన వరసల మీద ప్రపంచంలో చర్చ నడిచింది. దాన్ని గడియ అనాలా గొళ్లెం అనాలా అని జర్మనీ ఆయన, బ్రెజిల్ ఆమె కొన్నాళ్లు మర్యాదగా పోట్లాడుకుని, గడియకే ఒప్పుకుని ఆ వరసలను అసలు సాఫ్ట్‌వేర్‌లో కలిపేసుకున్నారు. ఆ రోజు నుంచి కరెంటు పోని దేశాలన్నింటిలో, కరెంటు పోతే గడియ దానంతటదే తెరుచుకోసాగింది. సరుకు పర్మిట్ లేకుండా అడవి దాటి పోయిందని కిషన్‌లాల్‌కు తెలిసింది, మొదటి తప్పు కింద వదిలేశాడు.

జంపక్క సంత సంతకూ వస్తూనే ఉంది.

"ఏమాయె అమ్మా?"

"ఇంకా రాలే జంపక్కా. లచ్చయ్యను భద్రాచలం పెద్ద దవాఖానాకు తీస్కపోరాదూ?"

"వాగు నిండుగున్నది. నడిచే మనిషి దాటుతది గని, మంచం దాటదు."

గడియ ఎక్కడుందో ఫ్లోరెన్స్‌కు తెలుసు, తీయడానికి ఒక్క వరస చాలు. ఒక మధ్యాహ్నం కేంద్రంలో ఎవరూ లేనప్పుడు ఆ వరస మొత్తం కొట్టి, చివరి మీట మీద వేలు పెట్టి కూర్చుంది. బయట వరండాలో పింఛన్ల ముసలివాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. యంత్రం డిపోకు పోతే వాళ్లంతా ఏమవుతారో అనుకుంది. తన కాంట్రాక్టు ఏమవుతుందో కూడా అనుకుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. కొట్టినదాన్ని చెరిపేసి లేచింది.

చివరికి దారి కనిపెట్టింది కిషన్‌లాలే. అటవీ ఫలసాయం ఏరుకునే హక్కు అడవి ఊళ్లలో పుట్టిపెరిగిన వాళ్లదని కొత్తగా వచ్చిన చట్టం చెబుతోందని, ఫ్లోరెన్స్ సారపాక క్వార్టర్ల మనిషి కాబట్టి ఆమె ఏరడం వల్లనే ఇదంతా వచ్చిందని ఆయన పై వాళ్లకు రాశాడు. అర్హురాలైన వ్యక్తి స్వహస్తాలతో ఏరితే తూకం, చెట్టు మినహాయించవచ్చని జవాబు వచ్చింది. జంపక్కకు కబురు వెళ్లింది.

రెండు సంతలకు ఆమె రాలేదు. మూడో దానికి వచ్చింది, తలకు నూనె లేదు. కిషన్‌లాల్ ఆమెకు స్వయంగా కుర్చీ వేశాడు.

"గీ మీట నొక్కితే ఏరినట్టే, జంపక్కా. నీ హక్కు ఇది."

"మా చింతచెట్ల కాడ గిట్ల కుర్చీ ఎయ్యలే సారూ," అంది జంపక్క. ఫ్లోరెన్స్ చూపించిన మీట నొక్కింది.

గడియ ఊడింది, గది తెరుచుకుంది. ఏరినవారి పేరు తప్పనిసరి కాబట్టి ఆ నాలుగు వరసల కింద జంపక్క పేరు చేరింది, బయటికీ వెళ్లింది. కాసేపట్లో జర్మనీ ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెకు ధన్యవాదాలు చెప్పి, ముందు ముందు చేయవలసిన మార్పుల మీద ఆమె అభిప్రాయం అడిగాడు.

"ఏందంట?"

"నీ అభిప్రాయం కావాల్నంట."

"దూరపోడైనా అడిగిండు," అంది జంపక్క.

ప్రింటరు ఇప్పలగుంపు కాగితాలు ఒక్కొక్కటే బయటికి తోసింది. ఫ్లోరెన్స్ గబగబా వెతికి ఒకటి పైకి తీసింది. ఆమె గొంతులో ఎన్నాళ్లకో సంతోషం వచ్చింది.

"ఇదిగో జంపక్కా, లచ్చయ్యది. పెద్ద రకమే. జల్దీ కౌంటర్ కాడికి పో, మాత్రలిస్తరు."

"ఆనికొద్దమ్మా. పోయిండు. పోయిన సంత నాడే."

ఫ్లోరెన్స్‌కు చేతిలో కాగితం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి ఎట్ల వచ్చినవ్ జంపక్కా?"

"మిగిలినోళ్లకు కావాలె గద."

అయితే యంత్రం మిగిలినవాళ్ల దగ్గరికి పోలేదు. ఒక రోగి లెక్క ముగిస్తే గానీ రెండో రోగికి మాత్రల చీటీ రాదు. లచ్చయ్య పేరు ఎదురుగా రెండు గడులు ఉన్నాయి: జ్వరం ఉంది, జ్వరం లేదు. ఫ్లోరెన్స్ మూడో గడి చేర్చడానికి చెయ్యి చాచింది. చాయ్ తాగినంత సేపు పట్టదు ఆ పని. కిషన్‌లాల్ నొచ్చుకుంటూ అడ్డం వచ్చాడు. కొత్త గడి అంటే కొత్త కాపు అని, దానికి వేరే పర్మిట్ కావాలని, ఏరే కాలం ఈ రోజుతో ముగుస్తుందని, వేసవిలో దరఖాస్తు పెడితే తానే దగ్గరుండి చూస్తానని చెప్పాడు.

ఫ్లోరెన్స్ మీటల మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చుంది. జంపక్క మిగిలిన కాగితాలను కొంగులో మడిచిపెట్టుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"జ్వరమైతే లేదు గదమ్మా. లేదని కొట్టు. వాగు మళ్ల పెరుగుతది, నేను పోవాలె."

ఫ్లోరెన్స్ కొట్టింది. వెంటనే మిగిలిన చీటీలన్నీ వచ్చాయి, జంపక్క మాత్రలు తీసుకుని చీకటి పడకముందే వాగు దాటింది. ఆ సాయంత్రం పైకి పోయిన నివేదికలో, ఇప్పలగుంపులో పూర్తిగా కోలుకున్న వారి జాబితా కింద లచ్చయ్య పేరు మొదటిది.