ఇంటి పెద్ద సంతకం

క్రాంతి కుమార్‌కు మైకంటే భయం. అంతకంటే భయం, ఆ మైకు తెచ్చి చేతిలో పెట్టే మామంటే. ఆళ్లగడ్డలో ఆయన్ను ఉత్త బాలస్వామి అని ఎవరూ అనరు, మైకు బాలస్వామి అనే అంటారు. ఆదివారం బావమరిది కొత్తింటి ప్రార్థన. అల్లుడు లేచి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తాడని మామ నూటయాభై మందిని పిలిచాడు. ఆ మాట విన్నప్పటినుంచి క్రాంతికి అన్నం సయించడం లేదు.

అందుకని శనివారం పొద్దున్నే, నంద్యాలలో తన ఇంట్లోనే కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. వాళ్ల కంపెనీ పెద్ద కంప్యూటర్లో కంటైనర్లనే అద్దె గదుల్లాంటివి ఉంటాయి. అందులో ఒక గదిలో ఈ ప్రోగ్రాం నిమిషానికి పది చొప్పున ఉత్తుత్తి కంప్యూటర్లను, అదే వర్చువల్ మిషన్లను, పుట్టించి చంపుతుంది. తెరమీద ఎర్ర లైట్లు వెలుగుతాయి. అవి భార్యకు చూపించాలి, అంతే పథకం.

"ఆఫీసులో కొంప మునిగింది ఫెబా. రేపు నువ్వొక్కదానివే పోయిరా."

"మునిగేది చూసే పోతాలే," అంది ఫెబా.

మధ్యాహ్నానికి కొంప నిజంగానే మునిగింది.

ఉత్తుత్తి కంప్యూటర్లు చచ్చాయేగాని వాటి పేర్లు లిస్టులోంచి పోలేదు. అట్లాంటి వాటిని ఆ వృత్తిలో జాంబీలంటారు. నాలుగువేలు పోగుపడేసరికి, ఇక ఏ పని మొదలుపెట్టబోయినా దానికిచ్చే నంబరు ఖాళీ లేదంది పెద్ద కంప్యూటరు. కంపెనీలో సగంమంది చేతులు కట్టుకు కూర్చున్నారు. టీమ్ లీడరు హిమజ ఫోన్లోకొచ్చి, తెర చూపించమంది.

"జాంబీలు మేడమ్. చంపుతున్నా," అన్నాడు క్రాంతి. చంపాడు. మళ్లీ చంపాడు. ఒక్కటీ కదల్లేదు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు.

ఫెబా కాఫీ తెచ్చింది. వార్డు సచివాలయంలో పింఛన్ల లిస్టు చూసేది ఆమే.

"ఏందప్పా, చెమటలు పోస్తాండాయి?"

"చచ్చినోళ్లు లిస్టులోంచి పోతాల్యా మే."

"చచ్చినోడిని మళ్లా చంపితే లిస్టులో పేరు యాడ పోతాది? మా కాడా అంతే. ఇంటి పెద్ద వచ్చి, మావోడు పోయినాడని సంతకం పెడితేనే పేరు తీస్తాం. వీళ్లకు ఇంటి పెద్ద ఎవురు?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పుట్టించిన ప్రోగ్రామే చావు కబురు కూడా అందుకోవాలి. ఆ గదికి ఇంటి పెద్ద క్రాంతి రాసిన ప్రోగ్రామే. దానికి పుట్టించడం, చంపడం తప్ప మూడో పని రాదు.

ఫోన్లో హిమజ, "మీ ఆవిడ చెప్పింది కరెక్ట్. వీటన్నిటినీ పుట్టించిందెవరో చూడండి," అంది.

"తర్వాత చూద్దాం మేడమ్, నెట్టు సరిగా లేదు."

"నెట్టు బాగుండాదప్పా," అంది ఫెబా.

మీట నొక్కక తప్పలేదు. నాలుగువేల పీనుగుల వంశవృక్షం తెరమీద పరుచుకుంది. అన్నిటికంటే పైన, ఒకటో నంబరులో, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటి పెద్ద పేరు కనబడింది: 'ఆళ్లగడ్డకు పోను'.



"క్రాంతీ, ఆళ్లగడ్డ అంటే ఏంటి?" అని అడిగింది హిమజ.

"మా పుట్టిల్లు మేడమ్," అని ఫెబా చెప్పింది.

తర్వాత పని పది నిమిషాలే. ఆ గది మూసేస్తే పెద్దతోపాటు పీనుగులూ పోయాయి. ఇకమీదట ఏ గది తెరిచినా, చావులు నమోదు చేసుకునే బుద్ధిమంతుడైన ప్రోగ్రామును ఒకటో నంబరులో కూర్చోబెట్టాలని హిమజ రాసిపెట్టింది. ఎర్ర లైట్లు ఆరాయి.

ఉద్యోగం పోలేదు. "కానీ ఇదెందుకు జరిగిందో సోమవారం మీటింగులో మీరే చెప్పాలి. నాలుగొందల మంది వింటారు. ఆ ప్రోగ్రాం పేరు కూడా చెప్పండి," అని ఫోన్ పెట్టేసింది హిమజ.

"ఫెబా, నాలుగొందల మందంట," అన్నాడు క్రాంతి.

ఫెబా అప్పటికే సంచిలో అతని చొక్కాలు సర్దుతోంది.

"రేపు ఆళ్లగడ్డలో నూటయాభై మందికి ఇదే సాక్ష్యం చెప్పు. సోమవారానికి అలవాటైతాది. నాయనకు ఫోన్ చేసినాను, నీకోసం కొత్త మైకు తెప్పిచ్చినాడంట."