బావ ప్రాచీన భాషలో తొలి పద్యం

ప్రతి ఇంటికీ ఒక ప్రాచీన భాష ఉండాలని నా మనవి. ఎవరో పూర్వులు వదిలివెళ్లినది కాదు. ఇంట్లోనే, కొత్తగా తయారుచేసుకున్నది!

నవ్వకండి. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా బావ ఆరేళ్లుగా చేస్తున్న పని అదే. కవిత్వం కోసమే పుట్టిన ఆ భాషకు మూడు లాంగ్ నోట్‌బుక్కుల వ్యాకరణం సిద్ధమైంది. ఆరువందల నలభై సూత్రాలు! నిట్టూర్పుకి ప్రత్యేకంగా ఒక విభక్తి. వానకి ఇరవై రెండు మాటలు, గొడుగుకి ఒక్కటీ లేదు. గొడుగు కావ్యానికి పనికిరాదట!

లాభాలు చూడండి. ఆ భాషలో టీవీ చర్చలు లేవు. గుడ్ మార్నింగ్ మెసేజీలు లేవు. ఇన్నాళ్లలో ఒక్క చెడ్డ పద్యమైనా వచ్చిందా? మంచిదీ రాలేదనుకోండి, అది వేరే సంగతి. బావ తన సూత్రాన్ని తానే తప్పితే, సాయంత్రానికల్లా ఆ తప్పుని కాపాడటానికి ఇంకో సూత్రం పుడుతుంది. మన తప్పులకి ఇంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది?

పోయిన వారం ఆ భాషలో తొలి పద్యం వెలువడింది. రాసింది మా అక్క! ఆ నోట్‌బుక్కులన్నీ సాఫుగా ఎత్తిరాసి పెట్టింది ఆవిడే కాబట్టి, లోకంలో ఆ భాష వచ్చిన రెండో మనిషీ ఆవిడే. చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, నాలుగు పాదాలున్న కాగితం బావ ముందు పెట్టింది. నేను పక్కనే కాఫీ తాగుతున్నాను.

బావ ఎర్ర పెన్ను తీశాడు.

"పదకొండు తప్పులు!" అన్నాడు సంబరంగా. "మూడో పాదం మొత్తం పోయింది."

"పోతే పోనీండి. ఇంతకీ నేనేం రాశానంటారు?"

బావ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "అదా... మళ్లీ చూడాలి. ముందు తప్పులు దిద్దుకురా."

అక్క నన్ను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చినప్పుడు, ఏం రాశావక్కా అని అడిగాను.

"ఒక్క పూట ఆ పుస్తకం మూసి నాతో మాట్లాడమని రాశాన్రా. మామూలు మాటల్లో అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. ఆ భాషలో అయితే వింటారేమోనని..."

పాఠకులారా, నా వాదన మారలేదు. వ్యాకరణం గొప్పదే. కాకపోతే ఇంటికొచ్చి ప్రార్థనకి కూర్చున్నాక ఒక అనుమానం పట్టుకుంది. నా చదువు ఎనిమిదో తరగతి. నలభై ఏళ్లుగా ఒత్తులు మింగేస్తూ, మధ్యలో లైన్లు మరిచిపోతూ దేవుడికి మొర పెట్టుకుంటున్నాను. ఆయన దగ్గర ఎర్ర పెన్ను లేదంటారా? లేక, వింటూ కూర్చోవడంలో అది తీసే తీరిక దొరకలేదంటారా?