ముప్పావు చుట్టు

ఆ రోజుకి బుల్లి వేసుకున్న పథకం చిన్నదే. ఇనుము, సెలీనియం కలిసిన గోరంత స్ఫటికాన్ని బిగింపులో పెట్టడం, గాలి తీసేసిన గదిలోకి దించి బాగా చల్లబరచడం, దాని మీద కాంతి వేసి ఎలక్ట్రాన్ల శక్తి పట్టీల బొమ్మ తీసుకోవడం, సాయంత్రానికి ఇంటికి పోవడం. యంత్రం మీద ఆమెకు మిగిలింది ఈ ఒక్క రోజే. మంచి బొమ్మ రాకపోతే థీసిస్ మరో ఏడాది వెనక్కి పోతుంది.

బిగింపు స్క్రూని పావు చుట్టు మించి తిప్పకూడదని గోడ మీద కాగితం ఉంది. రాసింది బుల్లే. ఆమె స్క్రూ తిప్పుతుండగా అక్క ఫోన్ చేసింది.

"ఈ ఏడాదన్నా అవుతుందంటావా?"

"అవుతుందక్కా."

"పోయినేడూ ఇదే గొంతుతో చెప్పావు. ఆ ఎలక్ట్రాన్లు నిన్ను చూసి పారిపోతున్నాయేమోనని మీ బావ అంటున్నారు."

"బావకి ఇంకేం పనిలేదా?"

"ఉందిలే. ఆయన పని ఆయన పూర్తి చేసుకుంటారుగా."

ఫోన్ పెట్టేసేసరికి స్క్రూ ముప్పావు చుట్టు తిరిగి ఉంది. బుల్లి చూసింది. చూసిన సంగతి తనకే తెలియనివ్వలేదు. మనసుకి ఇలాంటి విద్యలు చాలా వచ్చు.

పదకొండింటికి తెర మీద బొమ్మ వచ్చింది. ఎప్పుడూ నిలువుగా ఒక కోడిగుడ్డు ఆకారం, దానికి అడ్డంగా మరొకటి కనిపించేవి. ఇవాళ అడ్డగుడ్డు లేదు. నిలువుది ఒక్కటే ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

గైడు మేడమ్ వంగి చూసింది. "రెండోదేదమ్మా?"

"రాలేదండీ."

"స్ఫటికం సరిగ్గానే పెట్టావా?"

"ఎప్పట్లాగే పెట్టానండీ."

స్ఫటికం తప్పు కాకపోతే యంత్రం తప్పే. మేడమ్ టెక్నీషియన్ని పిలిపించింది. అక్కడందరికీ ఆయన బాబాయి.

"నా యంత్రానికి సగం చూపు పోయిందంటారా? పదిహేనేళ్లుగా చూస్తున్నా, దానికి చత్వారం కూడా రాలేదు" అంటూ ఆయన స్పానర్ల పెట్టె నేల మీద గట్టిగానే పెట్టాడు.

ఆ చప్పుడుకి పక్క గదిలోంచి సిద్ధాంతి వచ్చాడు. భౌతికశాస్త్రమంతా కాగితం మీదే చేస్తాడు గనుక ఆయనకా పేరు. అరగంటలో బోర్డు నింపి, రెండో గుడ్డు ఉండటానికే వీల్లేదని తేల్చాడు.

"మరి రెండేళ్లుగా కనిపిస్తున్నది?" అంది మేడమ్.

"మీ పొరపాటు" అని, ఆయన డైరెక్టర్‌కి ఫోన్ చేసేశాడు. డైరెక్టర్ మూడింటికి స్వయంగా వస్తానన్నాడు. ఆయనొచ్చేలోగా యంత్రంలో ఎలక్ట్రాన్లను పట్టే డిటెక్టర్ విప్పి చూడక తప్పదంది మేడమ్.

విప్పితే గాలి లోపలికి పోతుంది, స్ఫటికం పాడవుతుంది. మళ్లీ గాలి తీయడానికి వారం పడుతుంది. బాబాయి చెయ్యి వాల్వు మీదికి వెళ్లింది. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే రోజు పోతుంది. పరువుకైతే గడువు లేదనుకుంది బుల్లి.

"బాబాయ్, ఆగండి. యంత్రం బాగానే ఉంది. స్క్రూ నేనే ఎక్కువ బిగించాను."

"ఎంత?" అంది మేడమ్.

"ముప్పావు చుట్టు. మా అక్కతో మాట్లాడుతూ..."

తిట్లు ఎక్కడ మొదలవుతాయో బుల్లి ముందే ఊహించుకుంది. మేడమ్ మాత్రం స్టూలు లాక్కుని కూర్చుంది.

"అంటే ఒకవైపు నుంచే నొక్కావన్నమాట. చల్లబడ్డప్పుడు ఈ స్ఫటికం లోపల చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. సగం నిలువుకి సాగుతాయి, సగం అడ్డానికి. ఇన్నాళ్లూ మనం చూసింది ఆ రెండింటి కలగూరగంప. నువ్వు నొక్కేసరికి అన్నీ ఒకే దిక్కుకి తిరిగాయి. రెండేళ్లుగా వీటిని విడదీయలేకే కదే మనం చస్తున్నాం!"

"కోపంలో తిప్పానండీ."

"ఎలా తిప్పితేనేం. కాస్త వెచ్చబెట్టి మళ్లీ చూడు, యంత్రం తప్పు కాదని తేలిపోతుంది."

వెచ్చబెడితే సాగుడు పోయి గుడ్డు గుండ్రమైంది. చల్లబెడితే మళ్లీ నిలువుగుడ్డు ఒక్కటే వచ్చింది. మళ్లీ వెచ్చబెడితే మళ్లీ గుండ్రమైంది. బుల్లి నోటుపుస్తకం తెరిచి, థీసిస్‌లో చివరి అధ్యాయానికి పేరు రాసుకుంది. కిందనే 'ముప్పావు చుట్టు' అని కూడా రాసింది, ఈసారి దాచకుండా.

"ఇక నన్ను విప్పమనరుగా?" అంటూ బాబాయి పెట్టె మూసుకున్నాడు.

మూడింటికి డైరెక్టర్ వచ్చేసరికి సిద్ధాంతి బోర్డు మీద ఒకే ఒక్క గుర్తు మార్చి, పొద్దుటి నుంచీ తాను చెబుతున్నది ఇదేనన్నాడు.