మూత మీద బొటనవేలు

ఆ ఉదయం సొట్టలసారు పథకం చాలా చిన్నది. డబ్బా మూతకు సొట్ట పెట్టేయడం, నెలాఖరున రైలెక్కి భార్యను చూడటం. సెలవు కూడా మంజూరైంది. రేకు డబ్బాల కార్ఖానాలో కంప్యూటర్ మీద నమూనాలు గీసే ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. మూతను బిగించే క్లిప్పు ఎక్కడ కూర్చోవాలన్నా రేకులో తగిన గుంట పెట్టేది ఆయనే. తెర మీద క్లిప్పు బొమ్మను మూత బొమ్మలోకి నొక్కితే చాలు, అదే ఆకారంలో సొట్ట పడుతుంది.

భార్యకు వేరే ఊళ్లో ఉద్యోగం. వీళ్ల డబ్బాలు కొనే కంపెనీలోనే సరుకు తనిఖీ. పెళ్లయి ఏడాది కాలేదు, కలిసున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బెంగ పట్టలేక ఆయన భోజనాల వేళ ఆమె చేతిని గుర్తు తెచ్చుకుంటూ కంప్యూటర్లో చెక్కుతున్నాడు, పాపం. బొటనవేలు ఒక్కటే కుదిరింది. అది క్లిప్పు బొమ్మ పక్కనే ఉంది.

సెలవు సంబరంలో ఆయన క్లిప్పుకు బదులు వేలును నొక్కాడు.

అచ్చు చేసే మేస్త్రి ఫోన్ చేశాడు. "సారూ, ఈ సొట్టేంటి ఇలా ఉంది?"

"బొమ్మలో ఎలా ఉంటే అలా చెయ్యవయ్యా! నా సొట్టకే వంకలు పెడతావా?" అన్నాడు సొట్టలసారు. మనసప్పటికే రైల్లో ఉంది.

మూతలు గుట్టలుగా దిగాయి. సూపర్‌వైజరు ఒకటి తిప్పి చూసి ప్రెస్సు నడిపేవాడి మీద పడ్డాడు. "మూత మూతకీ వేలెందుకు పెట్టావురా?"

"ఉక్కు రేకండీ బాబూ! వేలు పెడితే సొట్ట పడ్డానికి నేనేమన్నా భీముణ్ణా?"

పట్టుకోవడానికి వీలుగా పెట్టారు కాబోలని ప్యాకింగువాళ్లు మెచ్చుకుని లారీ ఎక్కించారు. అవతల కొన్న కంపెనీలో ఒక్క క్లిప్పూ కూర్చోలేదు.

రేపు రైలనగా మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "సెలవూ లేదు, గిలవూ లేదు!"

సొట్టలసారు ఆ సంగతి భార్యకు ఫోన్లో చెప్పాడు. ఆమె "సరే లెండి" అంది. ఆ రెండు ముక్కలకు ఆయనకు ఆ పూట ముద్ద దిగలేదు.

తెల్లారేసరికి మేనేజరు మాట మార్చాడు. "నువ్వే ఆ కంపెనీకి వెళ్లి వాళ్ల గడ్డం పట్టుకుంటావో, కాళ్లే పట్టుకుంటావో! ఇప్పుడే బయల్దేరు!"

తిట్టు తిన్న మనిషి ఎగిరి గంతేశాడు. భార్యకు చెప్పలేదు. చెప్పకుండా వెళ్లి ఎదుట నిలబడాలి, ఆ మొహం కళ్లారా చూడాలి. దారి పొడవునా అదే ఊహ.

తీరా వెళ్తే ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

"తనిఖీ మేడమా? పొద్దున్నే మీ కార్ఖానాకే వెళ్లారండీ," అన్నాడు పక్క బల్ల గుమాస్తా. "నేనే వెళ్తానని పట్టుబట్టారు. మీకెవరికీ చెప్పొద్దన్నారు కూడా."

అంతలో ఫోన్ మోగింది. "ఎక్కడున్నారండీ?"

"నీ కుర్చీ దగ్గర. నువ్వు?"

"మీ కుర్చీలో."

ఇద్దరికీ నవ్వొచ్చింది గాని ఎంతోసేపు నిలవలేదు.

"మూత మీద నా వేలు పెట్టి చూశాను," అంది ఆమె. "అచ్చంగా సరిపోయింది."

"మిగతా వేళ్లు ఎంత చేసినా కుదరట్లేదే. నువ్వు ఒక్కసారి వస్తే..."

"వచ్చాను కదండీ!" అని ఏడ్చేసింది.

సాయంత్రానికి రెండు కంపెనీలూ మాట్లాడుకుని గొడవను ఎంతో సామరస్యంగా పరిష్కరించుకున్నాయి: కొత్త మూతలు సరిగ్గా వచ్చేదాకా ఆమె అక్కడ కార్ఖానాలో, పాత మూతలు బాగుచేసేదాకా ఆయన ఇక్కడ ఆమె కంపెనీలో.