గులాబీ రంగు సబ్బు విజయం

పిల్లల విరేచనాలను ఏ రంగు సబ్బు అరికడుతుందో తేల్చే మహత్తర పరిశోధన దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

జ్వరంతో చేరిన పిల్లలు విరేచనాలు కూడా సంపాదించుకుని ఇంటికి వెళ్ళడం ఒక పిల్లల ఆసుపత్రి ఆనవాయితీ. దానికి స్వస్తి పలకాలని పెద్ద డాక్టరుగారు సంకల్పించారు. మొదటి వార్డులో తెల్ల సబ్బు, రెండో దాంట్లో ఆకుపచ్చది, మూడో దాంట్లో గులాబీది పెట్టించారు. ఎవరెన్నిసార్లు చేతులు కడుక్కున్నారో రాయడానికి ఒక రిటైరైన టీచరమ్మను మూడు కుళాయిలూ కనబడేలా వరండాలో కూర్చోబెట్టారు.

ముప్పై ఆరేళ్ళు పరీక్ష హాళ్ళలో చీటీలు పట్టిన చూపు ఆమెది. నోరు మెదిపేది కాదు. కళ్ళజోడు ముక్కు చివరికి దించి చూసేది, అంతే. నర్సులు కడుక్కున్నారు. ఆయాలు కడుక్కున్నారు. చదువు పూర్తయ్యాక మొదటిసారిగా ఒక సీనియర్ డాక్టరు వేళ్ళ సందులు కూడా రుద్దుకున్నారు. పెద్ద డాక్టరుగారైతే తడి చేతులు ఆమెకు రెండువైపులా తిప్పి చూపించి మరీ లోపలికి వెళ్ళారు. ఎందుకు చూపించారో ఆయనకే తెలియదు.

నెల తిరిగేసరికి మూడు వార్డుల్లోనూ విరేచనాలు ఆగిపోయాయి. దాంతో పరిశోధన ప్రమాదంలో పడింది. రోగమే లేకపోతే రంగుల మధ్య తేడా ఎక్కణ్ణుంచి తేవాలి? అత్యవసరంగా కమిటీ కూర్చుంది. మూడు వార్డులకూ సమానంగా దక్కింది టీచరమ్మ ఒక్కతేననీ, రోగాన్ని తగ్గించింది ఆవిడే కావచ్చనీ లెక్కల నిపుణుడు నీళ్ళు నములుతూ విన్నవించాడు. కమిటీ అతణ్ణి అభినందించి, ఆమెను 'పరిశోధనలో దొర్లిన లోపం'గా గుర్తించి తొలగించింది.

టీచరమ్మ నోటుబుక్కు అప్పగిస్తూ ఒక్కటే అడిగింది. "గులాబీ వార్డులో ఎనిమిది నెలల పాప ఉంది బాబూ. న్యుమోనియా నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది. ఆ పాప ఇంటికెళ్ళేదాకా ఉండనివ్వండి. జీతం వద్దు."

"జీతం లేకుండా చూసినా చూపు చూపేనమ్మా," అన్నారు పెద్ద డాక్టరుగారు మర్యాదగా. "ఫలితం చెడిపోతుంది."

ఆమె వెళ్ళిన ఐదో రోజుకి పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. సంగతి తెలిసి టీచరమ్మ పరుగున వచ్చింది. బయటివాళ్ళు క్రిములు తెస్తారని చెప్పి గేటు దగ్గర కాపలావాడు ఆపేశాడు. చెప్పేసి, ముక్కు అరచేత్తో తుడుచుకుని, అదే చేత్తో గేటు మూశాడు.

పాప తల్లి గేటు ఊచల దగ్గరికి వచ్చి ఏడ్చింది. చనుపాలు ఆపొద్దనీ, కాచి చల్లార్చిన నీళ్ళలో ఓఆర్ఎస్ పొడి కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పడుతూనే ఉండమనీ టీచరమ్మ చెప్పింది. చేతులు కడుక్కోకుండా ఎవర్నీ పాపను ముట్టుకోనివ్వొద్దంది, డాక్టర్లతో సహా.

"డాక్టరుగార్ని ఎలా అడగనమ్మా?"

"అడగక్కర్లేదు. చేతులకేసి చూస్తూ ఉండు."

ఆ తల్లి చూసింది. రాత్రీ పగలూ చూసింది. తల్లి చూపు సిబ్బందికి ఇబ్బందికరంగా ఉందని కేసు షీటులో కూడా ఎక్కింది. ఆ తర్వాత ఆరో రోజున పాప ఆ షీటునే చింపబోయేంత ఆరోగ్యంగా ఇల్లు చేరింది.

చివరికి లెక్క తేలింది. తెల్ల వార్డులో ఇరవై మూడుమంది పిల్లలకు, ఆకుపచ్చ వార్డులో ఇరవై ఒక్కరికి విరేచనాలు. గులాబీ వార్డులో పదకొండుమందికే. అక్కడ ఆ తల్లి కూర్చున్న మూలన మరే మంచానికీ రోగం అంటలేదు. కనుక గులాబీ రంగు గెలిచింది.

సన్మానసభలో పెద్ద డాక్టరుగారు గద్గదస్వరంతో, "క్రిమికీ సౌందర్యదృష్టి ఉంది. గులాబీ ముందు అది తలవంచింది," అన్నారు. చప్పట్లు మిన్నంటాయి. తర్వాత విందు. మూడువందలమంది ఆహూతులు, చప్పట్లు కొట్టిన చేతులతోనే నేరుగా పళ్ళేల మీదికి వెళ్ళారు. కుళాయి దగ్గర ప్రత్యేకంగా ఉంచిన గులాబీ సబ్బుకు మర్నాటికి కూడా రేపరు విప్పలేదు.

తమరు దీన్ని పళ్ళెం పక్కన పెట్టుకుని చదువుతూ ఉండవచ్చు. నిశ్చింతగా కానివ్వండి. మాకు ఇక్కణ్ణుంచి ఏమీ కనబడదు.